వేడి ఏ దారిన చేరుతుంది: చేతి వేపరైజర్ ఎంపికలో అసలు ప్రశ్న

గంజాయి మూలికను మండించకుండా వేడిచేసి దాని ఆవిరిని పీల్చేందుకు వాడే, చేతిలో ఇమిడే వేపరైజర్ల ప్రకటనల్లో తెర, ఫోన్ యాప్, ఎన్ని సెకన్లలో వేడెక్కుతుందన్న లెక్క ముందు వరుసలో కనిపిస్తాయి. ఆ పరికరం మన ఊపిరితిత్తుల్లోకి ఏమి పంపుతుందో వీటిలో ఏదీ చెప్పదు. అది తెలియాలంటే వేడి ఏ దారిన మూలికను చేరుతోంది, ఆవిరి ఏ దారిన నోటిని చేరుతోంది అన్న రెండు సంగతులు చూడాలి. ఎండు మూలికకూ, దాని నుంచి తీసిన గాఢసారానికీ ఈ దారులు వేర్వేరుగా ఉండాలి. అందుకే రెండింటికీ పనికొస్తుందని చెప్పే పరికరాన్ని కొనేముందు మరింత ఆలోచించవలసి ఉంటుంది. గంజాయి వాడకాన్ని చట్టం అనుమతించిన దేశాల్లోని పెద్దలను, వైద్యుల పర్యవేక్షణలో దాన్ని ఔషధంగా తీసుకునే రోగులను ఉద్దేశించి ఈ వ్యాసం రాస్తున్నాను. చట్టం ఒప్పుకోని చోట పరికరం నాణ్యత ఏ రక్షణా ఇవ్వదు.

ముందుగా మండటానికీ ఆవిరి కావడానికీ ఉన్న తేడా స్పష్టం కావాలి. చుట్టి కాల్చే ఆకు కొస, దమ్ము లాగే క్షణంలో 900 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కగలదు. ఆ వేడికి మొక్క పీచు విచ్ఛిన్నమై తారు, కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్ వంటివి పుడతాయి. మనిషి కోరుకునే పదార్థంలోనూ కొంత భాగం అక్కడే కాలిపోతుంది. గంజాయి పువ్వులో ప్రభావం చూపే టీహెచ్‌సీ, సీబీడీ, సువాసననిచ్చే టెర్పీన్లు ప్రధానంగా పువ్వు ఉపరితలం మీద ఉండే అతి సూక్ష్మమైన జిగురు గ్రంథుల్లో ఉంటాయి. పీచు మండటం మొదలయ్యే సుమారు 230 డిగ్రీలకు దిగువనే ఆ జిగురును గాలిలోకి లేపగలిగితే పొగతో వచ్చే కీడులో చాలా భాగం తప్పుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో 18 మంది ఆరోగ్యవంతులు పాల్గొన్నారు. పొగ తాగినప్పుడూ, వేపరైజర్ వాడినప్పుడూ వారి రక్తంలో టీహెచ్‌సీ ఇంచుమించు ఒకే తీరున పెరిగింది. విడిచే ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్ మాత్రం వేపరైజర్ వాడినప్పుడు చాలా తక్కువగా ఉంది. ఇది విలువైన తేడా. అయితే ఏళ్ల తరబడి పీల్చినా ఆవిరి నిరపాయమని ఆ అధ్యయనం చెప్పలేదు, దాన్ని అలా చదువుకోనూ కూడదు.

ఉష్ణోగ్రత గురించి ప్రచారంలో ఉన్న సమాచారంలో ఒక చిక్కుముడి ఉంది. ఏ పదార్థం ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుందో చూపే పట్టికలు విరివిగా తిరుగుతుంటాయి. టీహెచ్‌సీకి 157, కారియోఫిలీన్‌కు 130 చుట్టూ, లిమోనీన్‌కు 176 డిగ్రీలు అని వాటిలో రాసి ఉంటుంది (చివరి రెండూ టెర్పీన్లే). ఈ అంకెలను ఒకే వరుసలో నిలబెట్టడమే పొరపాటు. లిమోనీన్ అంకె మామూలు వాతావరణ పీడనంలో కొలిచినది; మిగిలిన రెండూ పీడనాన్ని బాగా తగ్గించి కొలిచినవి. మామూలు పీడనంలో కారియోఫిలీన్ మరగాలంటే 250 డిగ్రీలు దాటాలి. నిజానికి వేపరైజర్‌లో ఏ పదార్థమూ మరగవలసిన అవసరం లేదు. దండెం మీద వేసిన తడిబట్ట వంద డిగ్రీల వేడి లేకుండానే గాలికి ఆరిపోతుంది. వేడిగాలి ప్రవాహంలో టీహెచ్‌సీ కూడా అలాగే తన మరుగు స్థానానికి ఎంతో దిగువనే ఇగిరిపోతుంది. కాబట్టి ఫలితాన్ని డిగ్రీలు ఒక్కటే నిర్ణయించవు. గాలి ఎంత వేగంగా కదులుతోంది, పొడి చేసిన మూలిక ఎంత ఉపరితలాన్ని దానికి అందిస్తోంది, ఎంతసేపు అందిస్తోంది అన్నవి కూడా అంతే బలంగా నిర్ణయిస్తాయి. స్థూలంగా 170 నుంచి 185 డిగ్రీల మధ్య సువాసన ఎక్కువగా, ఆవిరి పలుచగా వస్తుంది. 200 నుంచి 210 మధ్య ఆవిరి దట్టంగా వచ్చి గొంతును కొంత గీరుతుంది. అంతకుమించి సూక్ష్మంగా, ఫలానా డిగ్రీకి ఫలానా ప్రభావం అని చెప్పే పట్టికను నమ్మి పరికరం కొనకూడదు.

పైగా తెర మీద కనిపించే అంకె మూలిక ఉష్ణోగ్రత కాదు. కొలిచే సెన్సర్ సాధారణంగా హీటర్‌ను గానీ, చాంబర్ గోడను గానీ ఆనుకుని ఉంటుంది. చాంబర్ మధ్యలోని పొడి అంతకన్నా చల్లగా ఉండవచ్చు. బలంగా లాగితే బయటి చల్లగాలి దాన్ని ఇంకా చల్లబరుస్తుంది. ఒక పరికరంలో 190 డిగ్రీలు, మరో పరికరంలో 205 డిగ్రీలు ఒకే రకం ఆవిరినివ్వడం సాధారణమే. ఎవరైనా తమకు సరిపోయిన అంకెను చెబితే, అది ఏ పరికరం మీద అని అడగకుండా దాన్ని మన పరికరానికి వర్తింపజేయడం వృథా.

ఇప్పుడు వేడి దారి సంగతికి వద్దాం. చాంబర్ గోడలు వేడెక్కి, వాటిని తాకిన మూలిక వేడెక్కితే అది ఉష్ణవహనం. హీటర్ గాలిని వేడిచేసి, ఆ గాలి మూలిక గుండా ప్రవహించి వేడినిస్తే అది ఉష్ణసంవహనం. మొదటి పద్ధతి పరికరాలు చిన్నవిగా, జేబులో పట్టేలా ఉంటాయి. వాటిలో గోడ పక్కనున్న పొడి ముందుగా వేగిపోతుంది, మధ్యలోది పచ్చిగా మిగులుతుంది. నడుమ ఆపి కలపవలసి వస్తుంది. దమ్ము లాగకపోయినా గోడలు కాలుతూనే ఉంటాయి కాబట్టి మూలిక నుంచి ఆవిరి వృథాగా లేస్తూనే ఉంటుంది. రెండో పద్ధతిలో లాగినప్పుడే వేడి వస్తుంది, ఆపితే ఆగిపోతుంది; పొడి అంతా సమానంగా వేగుతుంది; సువాసన నిలుస్తుంది. మరి అందరూ దాన్నే ఎందుకు తయారుచేయరు అన్న ప్రశ్నకు జవాబు ఒక చిన్న లెక్కలో ఉంది.

మనిషి నిదానంగా లాగే దమ్ములో సెకనుకు సుమారు 100 మిల్లీలీటర్ల గాలి కదులుతుందనుకుందాం. అది దాదాపు 0.12 గ్రాముల గాలి. ఒక గ్రాము గాలిని ఒక డిగ్రీ వేడిచేయడానికి ఇంచుమించు ఒక జౌల్ కావాలి. గది వేడి నుంచి 200 డిగ్రీలకు, అంటే 180 డిగ్రీలు పెంచాలంటే సెకనుకు సుమారు 22 జౌళ్లు, అనగా 22 వాట్లు గాలి ఒక్కదానికే ఖర్చవుతాయి. వేగంగా లాగితే అది రెట్టింపవుతుంది. హీటర్‌ను, దాని చుట్టూ ఉన్న భాగాలను వేడిచేయడానికి పట్టేది దీనికి అదనం. ఒక లిథియం సెల్ వోల్టేజీ 3.7 దగ్గర ఉంటుంది కనుక, 22 వాట్ల కోసం దాని నుంచి 6 ఆంపియర్ల ప్రవాహం లాగాలి. ఆచరణలో దానికి రెండు మూడింతలు కావలసి వస్తుంది. చాంబర్ గోడను ఒకసారి వేడిచేసి నిలకడగా ఉంచడానికి ఇంత తీవ్రమైన శక్తి అక్కరలేదు. సన్నగా, తేలికగా, చవకగా ఉంటూ పూర్తిగా ఉష్ణసంవహనం మీదే పనిచేస్తుందని చెప్పే పరికరాన్ని ఈ లెక్క ముందు నిలబెట్టి చూడాలి. అంత శక్తిని ఇచ్చే సెల్ అందులో పట్టదని తెలిస్తే, ఆ ప్రకటనకు విలువ లేదు.

అందుకే మంచి పేరున్న పరికరాల్లో చాలావరకు రెండు పద్ధతులనూ కలుపుతాయి. జర్మనీలోని టుట్లింగెన్‌కు చెందిన స్టోర్జ్ అండ్ బికెల్ సంస్థ, 2000లో బల్ల మీద పెట్టి వాడే వోల్కానోను తెచ్చిన సంస్థ, 2014లో విడుదల చేసిన మైటీ ఈ మిశ్రమ పద్ధతికి బాగా తెలిసిన ఉదాహరణ. గోడ మూలికను సిద్ధంగా ఉంచుతుంది, లాగినప్పుడు వేడిగాలి మిగిలిన పని పూర్తిచేస్తుంది. ఇది కాస్త బరువైన, రెండు సెల్‌లు మోసే పరికరం. పై లెక్క చూసినవారికి ఆ బరువెందుకో అర్థమవుతుంది.

వాడకం తీరు కూడా ఈ దారి నుంచే పుడుతుంది. ఒకసారి నింపి, ఐదు పది నిమిషాలపాటు నిలకడగా వేడిని ఉంచి, అయిపోయేదాకా పీల్చే తరహా పరికరాలు కొన్ని. ఒకటి రెండు దమ్ములు తీసి పక్కన పెట్టి, గంట తర్వాత మళ్లీ అక్కడి నుంచే కొనసాగించగలిగేవి మరికొన్ని. నొప్పి కోసమో వికారం కోసమో కొద్దికొద్ది మోతాదు తీసుకుని ప్రభావం చూసుకోవలసిన రోగికి రెండో తరహా మేలు. అయితే చేతులు వణికేవారికి, రోజూ ఒకే తూకం తీసుకోవలసినవారికి, ముందే తూచి నింపుకునే చిన్న లోహపు గొట్టాలు పట్టే మొదటి తరహా పరికరం చాలా ఊరటనిస్తుంది. చాంబర్ పరిమాణం కూడా చూడాలి: 0.25 గ్రాములు పట్టే చాంబర్‌లో 0.05 గ్రాములు వేస్తే పొడి అటూ ఇటూ దొర్లి, గాలి పక్క నుంచి జారిపోతుంది. తన మోతాదు తెలిసినవారు దానికి తగిన చాంబర్‌ను వెతకాలి. చాంబర్‌ను నింపడం కోసం మోతాదు పెంచుకోవడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

గాఢసారాల విషయం పూర్తిగా వేరు. రోసిన్, వ్యాక్స్, షాటర్ అని పిలిచే వీటిలో మొక్క పీచు దాదాపు ఉండదు. జిగురు మాత్రమే ఉంటుంది. పువ్వులో ఆ జిగురు లక్షల సూక్ష్మ బిందువులుగా పరుచుకుని ఉంటుంది కనుక వేడిగాలికి విశాలమైన ఉపరితలం దొరుకుతుంది. గాఢసారం వేడెక్కగానే కరిగి ఒక చిన్న మడుగవుతుంది, ఆవిరి ఆ మడుగు పైపొర నుంచే లేవాలి. అందుకే దానికి ఎక్కువ వేడి, సాధారణంగా 230 నుంచి 300 డిగ్రీల మధ్య, ద్రవాన్ని ఒలకనివ్వని గిన్నె లాంటి ఆకారం, కింది నుంచి నేరుగా తగిలే వేడి అవసరమవుతాయి. మూలిక చాంబర్ దీనికి సరిగ్గా విరుద్ధంగా ఉంటుంది: అడుగున రంధ్రాల జల్లెడ, కింది నుంచి పైకి గాలి, 210 లేదా 220 డిగ్రీలకు మించని వేడి. అందులో సారాన్ని నేరుగా వేస్తే అది నీళ్లలా పలచబడి, జల్లెడ దాటి హీటర్ మీదకు, గాలి దారిలోకి జారుతుంది. అక్కడ చేరిన జిడ్డు ప్రతిసారీ మళ్లీ మళ్లీ కాలుతూ చేదు వాసన ఇస్తుంది. శుభ్రం చేయడానికి చేయి పోని చోట ఉంటుంది కనుక పరికరం అక్కడితో పాడైనట్టే.

రెండింటికీ పనికొస్తుందని చెప్పే పరికరాలు ఈ ఇబ్బందిని రెండు రకాలుగా దాటే ప్రయత్నం చేస్తాయి. కొన్నింటిలో సన్నని స్టీలు తీగలతో అల్లిన బిళ్ల ఇస్తారు. సారాన్ని దానికి పూస్తే అది పీల్చుకుని, జారకుండా పట్టి ఉంచుతుంది. కొన్నింటిలో మూత ఉన్న చిన్న గిన్నె ఇస్తారు. బిళ్ల పద్ధతి అప్పుడప్పుడూ కొద్దిగా సారం వాడేవారికి చాలు. కానీ పరికరం పై హద్దు 210 డిగ్రీలే అయితే ఆవిరి నెమ్మదిగా వస్తుంది, కొంత సారం ఎప్పుడూ బిళ్లలోనే మిగిలిపోతుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: వాడకంలో మూడొంతులు మూలికే అయితే మంచి మూలిక పరికరాన్ని కొని బిళ్లతో సర్దుకోవచ్చు, రెండూ సమానంగా వాడేవారు ఒకే ధరకు ఒక మిశ్రమ పరికరం బదులు రెండు సాదా పరికరాలు తీసుకోవడమే మేలు. మరో మధ్యేమార్గం కూడా ఉంది. మూలిక పొడి రెండు పొరల మధ్య కొద్దిగా సారాన్ని ఉంచితే ఆ పొడే దాన్ని పీల్చి పట్టుకుంటుంది. చరస్ వంటి పొడిబారిన జిగురుకు ఈ పద్ధతి ఇంకా బాగా నప్పుతుంది.

సారానికి ఎక్కువ వేడి కావాలన్నది నిజమే, కానీ ఎంత వేడైనా ఫరవాలేదన్న అర్థం అందులో లేదు. పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన పరిశోధన, వేడి పెరిగే కొద్దీ టెర్పీన్లు విచ్ఛిన్నమై మెథాక్రోలిన్, బెంజీన్ వంటి విషాలుగా మారడం ఎక్కువవుతుందని చూపింది. కాబట్టి సారం కోసం కొనే పరికరంలో ఉష్ణోగ్రతను అదుపు చేసే ఏర్పాటు తప్పనిసరి. ఎర్రగా కాలే తీగ మీద సారాన్ని పెట్టి, బటన్ నొక్కినంతసేపు ఎంత వేడి పుడుతోందో తెలియని పెన్ను తరహా పరికరాలను దూరం పెట్టాలి. క్వార్ట్జ్ గిన్నె త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. సిరామిక్ నెమ్మదిగా వేడెక్కి నిలకడగా ఉంటుంది. ఈ రెండింటిలో ఏదైనా సరే, తీగ కంటే నయం.

పరికరంలో ఏమి పోస్తున్నామన్నది పరికరం కన్నా ముఖ్యమని 2019లో అమెరికాలో జరిగిన విషాదం నిరూపించింది. ముందే నూనె నింపి అమ్మే కార్ట్రిడ్జ్‌లు వాడినవారిలో ఊపిరితిత్తుల తీవ్ర గాయాలు బయటపడ్డాయి. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు నమోదయ్యాయి. అక్రమంగా అమ్మిన టీహెచ్‌సీ నూనెను చిక్కగా కనిపించేలా చేయడానికి కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్‌కు ఈ గాయాలతో బలమైన సంబంధం ఉందని తేలింది. తినడానికి హాని లేని పదార్థం ఊపిరితిత్తిలో ప్రాణాంతకం కాగలదు. ఎండు మూలికలో ఇలాంటి కల్తీకి అవకాశం తక్కువ, అయినా బూజు, పురుగుమందుల ప్రమాదం ఉంటుంది. గాఢసారంలో ఆ పురుగుమందులు కూడా గాఢమవుతాయి. బ్యూటేన్‌తో తీసిన సారమైతే ఆ ద్రావకం అవశేషాలు మిగలవచ్చు. ప్రయోగశాల పరీక్ష పత్రం లేని సారాన్ని ఎంత గొప్ప పరికరమూ శుద్ధి చేయలేదు.

గాలి దారి ఏ పదార్థంతో చేశారన్నది తయారీదారులు చెప్పడానికి ఎక్కువగా వెనుకాడే సంగతి. హీటర్ నుంచి నోటిదాకా గాలి తాకే ప్రతి భాగం స్టెయిన్‌లెస్ స్టీలు, బోరోసిలికేట్ గాజు, సిరామిక్, టైటానియం లేదా పీక్ అనే వేడిని తట్టుకునే ప్లాస్టిక్ అయి ఉండాలి. పీక్ 343 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనుక మూలిక పరికరాల్లో దానికి చోటు సమంజసమే. సర్క్యూట్ బోర్డు, టంకం వేసిన అతుకులు, జిగురు, వేడి బయటికి రాకుండా చుట్టే పీచు పదార్థం ఆ దారిలో ఉండకూడదు. గాలి పరికరం లోపల ఎక్కడి నుంచి వస్తుందో, ఎటు పోతుందో చూపే బొమ్మను తయారీదారు ఇవ్వగలిగితే అది నమ్మకానికి మొదటి గుర్తు. దారి ఎక్కువ పొడవుగా ఉంటే ఆవిరి చల్లబడి గొంతుకు హాయిగా ఉంటుంది, కానీ ఆ దారి గోడలకు జిడ్డు కూడా ఎక్కువ పడుతుంది.

బ్యాటరీలో చూడవలసింది దాన్ని మనమే మార్చుకోగలమా అన్నది. లిథియం సెల్ కొన్ని వందల ఛార్జింగ్‌ల తర్వాత బలహీనపడుతుంది. లోపల బిగించేసిన సెల్ చచ్చిపోతే మిగతా పరికరం అంతా బాగున్నా మూలపడుతుంది. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే 18650 సెల్‌ను తీసి మార్చుకునే వీలున్న పరికరం ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ ఆ సెల్ ఎంపికలో కెపాసిటీ కన్నా అది నిరంతరంగా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదన్నది ముఖ్యం. పెద్ద కెపాసిటీ రాసి, తక్కువ ప్రవాహం మాత్రమే ఇవ్వగల సెల్‌ను శక్తిమంతమైన హీటర్‌కు జతచేస్తే అది ప్రమాదకరంగా వేడెక్కుతుంది. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు చినిగిన సెల్‌ను వాడకూడదు, విడి సెల్‌ను తాళంచెవులతోపాటు జేబులో వేయకూడదు. విమానంలో ఇలాంటి పరికరాలూ, విడి సెల్‌లూ చేతి సామానులోనే ఉండాలి. మూలికను దేశం సరిహద్దు దాటించడం మాత్రం రెండు వైపులా చట్టబద్ధమైనా నేరమే కావచ్చు.

బ్యాటరీ లేకుండా, చిన్న బ్యూటేన్ మంటతో బయటి నుంచి వేడిచేసే లోహపు గొట్టాలు కూడా ఉన్నాయి. డైనావాప్ వాటిలో బాగా తెలిసినది; దాని టోపీలోని లోహపు బిళ్ల తగిన వేడికి వంగి టిక్కుమని శబ్దం చేస్తుంది. చాలా కొద్ది మూలికతో పనిచేస్తుంది, చవక, పాడయ్యే భాగాలు తక్కువ. శబ్దం వచ్చాక కూడా మంట పెడితే మూలిక కాలిపోతుంది, ఆ నేర్పు పట్టుబడటానికి కొంత సమయం పడుతుంది.

మోతాదు విషయంలో కొత్తవారికి ఒక హెచ్చరిక అవసరం. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2018లో, తరచూ గంజాయి వాడని 17 మందితో చేసిన అధ్యయనంలో, ఒకే 25 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ పొగ రూపంలో కంటే ఆవిరి రూపంలో రక్తంలోకి ఎక్కువగా చేరి బలమైన ప్రభావం చూపింది. పొగ నుంచి వేపరైజర్‌కు మారేవారు పాత కొలతను తగ్గించి మొదలుపెట్టాలి. గాఢసారం పువ్వుకు ఎన్నో రెట్లు తీవ్రమైనది కనుక అక్కడ బియ్యపుగింజ పరిమాణం కూడా ఎక్కువే. గర్భిణులు, గుండె జబ్బులు లేదా సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోయే తీవ్ర మానసిక స్థితి) చరిత్ర ఉన్నవారు ఏ పరికరంతోనూ దీని జోలికి పోకూడదు. వాడిన తర్వాత వాహనం నడపకూడదు.

శుభ్రం చేయడం గురించి కొనేముందే ఆలోచించాలి. మౌత్‌పీస్, చల్లబరిచే భాగం, జల్లెడ పనిముట్లు లేకుండా ఊడివచ్చి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టే వీలుంటే పరికరం రుచి నిలుపుకుంటుంది. ఆ ఆల్కహాల్ పూర్తిగా ఆరిపోయేదాకా దాన్ని మళ్లీ వేడిచేయకూడదు, ఎందుకంటే దాని ఆవిరి అంటుకుంటుంది.

పరికరం చేతికి వచ్చాక, తిరిగి ఇచ్చేందుకు గడువు ఉండగానే రెండు పరీక్షలు చేయాలి. గాలి బాగా ఆడే చోట, ఖాళీ చాంబర్‌తో, అత్యధిక వేడికి రెండు మూడుసార్లు పూర్తిగా నడపాలి. తయారీ నూనెల వాసన మొదట రావడం సహజమే, మూడోసారి కూడా ప్లాస్టిక్ వాసనో జిగురు వాసనో వస్తుంటే దాన్ని తిరిగి పంపించాలి. తర్వాత మూలికను ఓ మాదిరిగా పొడిచేసి, నడుమ కలపకుండా 190 డిగ్రీల దగ్గర పూర్తిగా వాడి, మిగిలిన పొడిని తెల్ల కాగితం మీద పరిచి చూడాలి. అంతా ఒకే గోధుమ రంగులో ఉంటే వేడి సమంగా చేరుతోంది. అంచులు ముదిరి మధ్యలో పచ్చగా ఉంటే ఉష్ణవహనం పాలు ఎక్కువ, కలుపుతూ వాడటానికి ఇష్టపడితేనే ఉంచుకోవాలి. ఎక్కడైనా నల్లని బొగ్గు మచ్చలు, బూడిద కనిపిస్తే తెర మీద ఏ అంకె ఉన్నా ఆ పరికరం మూలికను కాలుస్తోంది, దాన్ని ఉంచుకోకూడదు.